పగడానికి నిదానం

మా చెల్లెలి కొడుకు బెర్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి ఇంట్లో ఒక గాజుతొట్టి పెట్టుకున్నాడు. మూడు వందల లీటర్ల ఉప్పునీరు, నాలుగు చేపలు, పది పన్నెండు పగడాలు. పగడాలంటే ఉంగరంలో పొదిగేవి కావు, ప్రాణమున్నవి. వేసవిలో ఒక రాత్రి ఫోను చేసి, "మామా, నువ్వు ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పావు కదా. నా పగడాలు రెండు తెల్లబడ్డాయి. చచ్చిపోయినట్టేనా? తీసి పారెయ్యనా?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లు పగడం పాఠం చెప్పిన మాట నిజమే. మా ప్రయోగశాల బీరువాలో మూడు పగడపు గడ్డలు ఉండేవి. ఒకటి మెదడు ఆకారంలో, ఒకటి కొమ్మలు కొమ్మలుగా, మరొకటి బోర్లించిన పుట్టగొడుగులా. ప్రతి ఏడూ దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టి, పిల్లల చేత బొమ్మ గీయించి, మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ణి. మూడూ తెల్లనివే. నేనెరిగిన పగడం ఎప్పుడూ తెల్లగానే ఉండేది. తెల్లబడటం జబ్బు అన్న సంగతి నేను పుస్తకంలో చదివానేగాని, నా కన్నుకు అలవాటైన రంగు మాత్రం శవం రంగు.

ఫోటోలు పంపమన్నాను. పంపాడు. చూసి, రెండింటికీ ఒకటే జబ్బు, ఎండలకు నీళ్లు వేడెక్కాయి, చల్లబరచు అన్నాను. వాడు సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి తొట్టిలో తేలేశాడు. నాలుగు రోజులైంది. ఒక పగడం అలాగే ఉంది. రెండోది ఇంకో అంగుళం పోయింది. నేను చెప్పింది తప్పని అప్పుడు తెలిసింది. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాను. ఒక పాత్రలో పెట్టుకున్న పగడాన్ని చూసి దాని బాగోగులు చెప్పడం మనిషి ఎలా నేర్చుకున్నాడన్నది మూడు వందల ఏళ్ల కథ. ఆ కథలో పెద్దపెద్దవాళ్లు కూడా నాలాగే మొదట తప్పు చెప్పారు. అది చదివి నాకు కొంత ఊరట కలిగిందని ఒప్పుకుంటాను.

చిగురా, పువ్వా, పురుగా?

మనం పగడం అంటాం. మా ఊళ్లో తమిళులు పవళం అంటారు. కన్నడిగులు హవళ, మరాఠీవారు పోవళే అంటారు. వీటన్నిటి వెనక సంస్కృతంలో ప్రవాళం ఉంది. ఆ మాటకు పగడమనే కాక చిగురు అనే అర్థం కూడా ఉంది. ఎర్రగా, కొమ్మలు సాగి ఉండే ఆ వస్తువును చూసి పూర్వులు మొక్కకు సంబంధించిందే అనుకున్నారు. ఆ ఎర్ర పగడం మన సముద్రాలది కాదు, మధ్యధరా సముద్రానిది. ఓడలెక్కి వచ్చేది. రోమనులకు ముత్యం ఎలాగో భారతీయులకు పగడం అలాగని మొదటి శతాబ్దంలో ప్లినీ రాశాడు. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సుంకం చెల్లించవలసిన సరుకుల పట్టిక ఉంది. గంధం, కర్పూరం, ముత్యాలు, ఏనుగుదంతం, పట్టునూలుతో పాటు పగడం కూడా అందులో ఉంది. అంటే సుంకం వసూలు చేసేంతగా పగడాన్ని ఎరిగిన మనం దాన్ని ప్రాణిగా మాత్రం ఎరగం. తప్పేమీ లేదు, అప్పటికి ఎవరూ ఎరగరు.

దాన్ని బతికుండగా పాత్రలో పెట్టి చూసినవారిలో పేరు చెప్పుకోదగ్గ మొదటివాడు ఇటలీ ప్రభువు మార్సిగ్లీ. 1706లో ఫ్రాన్సు దక్షిణ తీరాన జాలర్లు అప్పుడే తీసిన ఎర్ర పగడపు కొమ్మలను సముద్రపు నీళ్లు పోసిన గాజుపాత్రలో ఉంచాడు. కాసేపటికి కొమ్మల నిండా ఎనిమిదేసి రేకుల తెల్లని పువ్వులు విచ్చుకున్నాయి. నీళ్లలోంచి పైకి తీస్తే ముడుచుకున్నాయి, మళ్లీ ముంచితే విచ్చుకున్నాయి. పగడం మొక్కేనని, దాని పూలను కూడా కనుక్కున్నానని ఆయన సంబరపడ్డాడు. చూసింది ఒప్పు, చెప్పింది తప్పు.

ఆ తప్పును పట్టుకున్నవాడు మార్సేలు పట్టణపు వైద్యుడు పెసొనెల్. 1723లో ఒకసారి, 1725లో ఉత్తరాఫ్రికా తీరాన మరోసారి ఆయన పగడాన్ని పరీక్షించాడు. ఆ పువ్వులు పువ్వులు కావు, చిన్న చిన్న జంతువులు, సున్నపు కొమ్మ వాటి కట్టడం అన్నాడు. ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి వైద్యుడికే తోచేది. చనిపోయిన పగడం కుళ్లితే జంతువు కుళ్లిన వాసన వస్తుంది. పారిస్ అకాడమీలో రోమూర్ అనే మహాపండితుడు ఈ సంగతి సభలో చెబుతూ, నవ్వులపాలవుతాడేమోనని, ఆ వైద్యుడి పేరు చెప్పకుండా దాచాడు. 1740 ప్రాంతంలో ట్రెంబ్లీ మంచినీటి హైడ్రాను పరిశోధించి, మొక్కలా కనిపించే జంతువులు ఉంటాయని చూపించాక, 1742లో రోమూర్ తన పొరపాటు ఒప్పుకున్నాడు. పదిహేనేళ్లు పట్టింది. మన పాఠ్యపుస్తకాలు మాత్రం చాలాకాలం వీటిని ప్రవాళ కీటకాలు అనే రాశాయి. కీటకం కాదు, అది సముద్రపు ఆనెమొనీకి, జెల్లీచేపకు చుట్టం.

గిన్నెలో సముద్రం

ఇంట్లో పగడాన్ని పెంచడం అనే పనికి తొలి ఉదాహరణ నాకు దొరికినంతలో లండన్‌లోని ఒక గృహిణిది. ఆమె పేరు ఆనా థిన్. 1846లో టార్కీ తీరాన రాళ్ల సందున దొరికిన చిన్న పగడాలు చూసి ముచ్చటపడింది. దారిలో దొర్లకుండా వాటిని సూది దారంతో ఒక పెద్ద స్పాంజికి కుట్టి, రాతి జాడీలో ఉప్పునీళ్లు పోసి లండన్‌కు తెచ్చుకుంది. లండన్‌కు సముద్రం దూరం. ఉన్న నీళ్లే వాడాలి. నీళ్లు చెడకుండా ఉండాలంటే గాలి తగలాలని ఆమెకు తోచింది. తెరిచిన కిటికీ దగ్గర నిలబడి నీళ్లను ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి అరగంట, ముప్పావుగంట పోస్తూ ఉండాలి. మనవాళ్లు పాలు చల్లార్చినట్టు అన్నమాట. ఆ పని ఇంటి పనిమనిషి చేసేది. మరుసటి ఏడు నీళ్లలో సముద్రపు నాచు కూడా వేసి వెలుగు తగిలేచోట పెట్టింది. పగడాలు ఏళ్ల తరబడి బతికాయి, పిల్లలు పెట్టాయి. 1859లో ఆమె టిప్పణాలు అచ్చయ్యాయి. వాటిని ప్రచురణకు పంపిన ఫిలిప్ గాస్, 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో తెరిచిన మత్స్యశాల వెనక ఉన్న మనిషే. అక్వేరియం అనే మాట జనంలోకి వెళ్లింది ఆయన 1854 పుస్తకంతోనే.

అరవై ఏళ్లకు ఆ గాలి మద్రాసుకూ వచ్చింది. ఎడ్గర్ థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం అధికారిగా ఉంటూ 1890లో మన్నార్ సింధుశాఖ ముత్యాల వేట గురించీ, సముద్ర జీవుల గురించీ పుస్తకం రాసినవాడు. ఆయన చొరవతో మొదలై 1909లో మెరీనా ఒడ్డున అక్వేరియం తెరుచుకుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అది మూతపడింది. మా తాతల తరంవాళ్లు మద్రాసు వెళితే చూసి వచ్చేవారు.

ఆనా థిన్ పెంచినవి చల్లని సముద్రపు పగడాలు. వాటికి నీరు బాగుంటే, తిండి దొరికితే చాలు. వెచ్చని సముద్రాల్లో దీవులనే కట్టే పగడాలు అలా బతకవు. అందులో ఏదో మర్మం ఉందని తెలియడానికి మరికొంత కాలం పట్టింది.

లోపల కాపురమున్న నాచు

1881లో బెర్లిన్‌లోనే కార్ల్ బ్రాంట్ అనే పరిశోధకుడు, కొన్ని సముద్రజీవుల కండలో కనిపించే పసుపుపచ్చని కణాలు ఆ జీవులవి కావు, లోపల కాపురముంటున్న నాచు అని చెప్పి వాటికి జూక్సాంథెల్లా అని పేరుపెట్టాడు. రీఫ్ పగడం రంగులో చాలాభాగం ఆ నాచుదే. పాలిప్ అనే జంతువు పారదర్శకంగా ఉండే పలుచని పొర. దాని కింద తెల్లని సున్నపు ఎముక. మధ్యలో ఉన్న గోధుమరంగు అద్దెకున్నవారిది.

అద్దె ఏమి చెల్లిస్తున్నారన్నది తరువాతి ప్రశ్న. 1928-29లో యంగ్ నాయకత్వాన బ్రిటిష్ శాస్త్రజ్ఞుల బృందం ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర లో ఐల్స్ అనే చిన్న దీవిలో ఏడాదికి పైగా మకాం వేసింది. వాళ్లు పగడాలను వెలుగు చొరని పెట్టెల్లో ఉంచి చూశారు. వేడినీళ్లలో ఉంచి చూశారు. వేడికీ, ఆకలికీ పగడం తనలోని నాచును బయటికి గెంటేస్తుందని, తెల్లబడుతుందని 1931లో యంగ్, నికల్స్ రాశారు. తెల్లబడినా పాలిప్ ప్రాణంతో ఉంటుందనీ చూశారు. నాకు కావలసిన వాక్యం అది. నేను పుట్టకముందే అచ్చయింది.

అయితే యంగ్ కూడా ఒకచోట తప్పాడు. నాచు పగడానికి తిండి పెట్టదు, దాని మలినాలను తీసుకుంటుంది, అంతే అని ఆయన అభిప్రాయం. 1958లో మస్కటైన్, హ్యాండ్ రేడియోధార్మిక కార్బన్ ఉపయోగించి, నాచు తయారుచేసిన ఆహారం ఆనెమొనీ కండలోకి చేరుతోందని చూపారు. మరుసటి ఏడు జమైకాలో థామస్ గోరో వెలుగులో పగడం సున్నాన్ని వేగంగా కడుతుందని కొలిచి చెప్పాడు. కనుక రంగుపోయిన పగడం చచ్చింది కాదు, అన్నం పెట్టే మనిషి ఇల్లు విడిచిపోయిన సంసారం. నాలుగు రోజులు ఓర్చుకుంటుంది. పరిస్థితి చక్కబడితే నాచు మళ్లీ చేరుతుంది, రంగు తిరిగివస్తుంది. చక్కబడకపోతే ఆకలితో పోతుంది.

వేడి ఒక్కటే కారణం కాదనీ గోరో కథ చెబుతుంది. 1963లో ఫ్లోరా తుపాను వానలకు జమైకా తీరాన మంచినీటి వరద సముద్రంలోకి దిగింది. అప్పుడూ పగడాలు తెల్లబడ్డాయి. 1970లలో హవాయిలో జోకియెల్, కోల్స్ వేసవి గరిష్ఠం కంటే ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే చాలు, పగడానికి కష్టమని తేల్చారు. అధిక వెలుగు, చలి, ఉప్పు తగ్గడం, ఇవన్నీ పగడాన్ని తెల్లబరచగలవు. జ్వరం వచ్చిందన్నట్టే, తెల్లబడిందనేది లక్షణం పేరేగాని జబ్బు పేరు కాదు.

రెండు తెలుపులు

అప్పటికి నా తప్పేమిటో సగం అర్థమైంది. మిగతా సగం వాడి ఫోటోల్లో ఉంది. ఇళ్లలో పగడాల తొట్టి మీద నీలి వెలుగు దీపాలు వేస్తారు. ఆ వెలుగులో పగడాలు దీపావళి మతాబుల్లా మెరుస్తాయి, కాని ఫోటో తీస్తే నిజమైన రంగు తెలియదు. కామెర్ల రోగిని పచ్చదీపం కింద పరీక్షించినట్టే. నీలి దీపం ఆర్పి, తెల్లని వెలుగులో, నీళ్లు కదిలించే పంపులు ఆపి, దగ్గరనుంచి తీయమన్నాను. ఈసారి వచ్చిన ఫోటోల్లో రెండు తెలుపులూ వేరు వేరు.

మొదటిది పళ్లెంలా పరుచుకునే మాంటిపోరా. పైముఖం తెల్లగా ఉంది. అడుగుముఖం, నీడపడే అంచులు గోధుమరంగులోనే ఉన్నాయి. తెల్లని భాగం మీద భూతద్దం పెట్టి చూస్తే పాలిప్‌లు నూగులా లేచి ఉన్నాయి. ఎక్కడా పచ్చనాచు పట్టలేదు. అంటే కండ ఉంది, రంగే లేదు.

రెండోది కొమ్మల అక్రోపోరా. కొనలు గోధుమరంగులో బాగానే ఉన్నాయి. మొదలు తెల్లగా ఉంది. గోధుమకూ తెలుపుకూ మధ్య కత్తితో గీసినట్టు గీత. తెల్లనిచోట పాలిప్ లేదు, ఎముక గుంటలు బోసిగా ఉన్నాయి. అన్నిటికంటే కింద సన్నని పచ్చనాచు పట్టడం మొదలైంది. అంటే అక్కడ కండే లేదు. ఇది రంగుపోవడం కాదు, ఒళ్లు ఊడిపోవడం.

"రెండింటినీ తీసి వాసన చూడరా" అన్నాను. వాడు నవ్వాడు. చూశాడు. మొదటిది సముద్రం వాసన వేసింది. రెండోదాని గీత దగ్గర కుళ్లిన వాసన. మూడు వందల ఏళ్ల కిందటి మార్సేలు వైద్యుడి పరీక్ష ఫోనులో పనికొచ్చింది.

ఇక కారణాలు. ఇక్కడ కూడా చరిత్రే దారి చూపింది. ఒళ్లు ఊడిపోయే జబ్బులకు వరుసగా పేర్లు పెట్టడం 1970లలో మొదలైంది. కరీబియన్ సముద్రంలో నల్లపట్టీ జబ్బును 1973లో ఆంటోనియస్ వివరించాడు. తరువాత తెల్లపట్టీ జబ్బు అక్కడి అక్రోపోరాలను తుడిచిపెట్టింది. 2014లో ఫ్లోరిడాలో మొదలైన మరో జబ్బు ఇరవైకి పైగా జాతులకు సోకింది. తొట్లలో జరిగే నష్టానికి ఇవే కారణం కానక్కరలేదు. పురుగు కొరికి ఉండవచ్చు. పక్క పగడం కుట్టి ఉండవచ్చు. పగడాలు కడుపులోని దారాలను బయటికి వదిలి పక్కదాన్ని జీర్ణం చేసుకుంటాయని 1970లలో జమైకాలో జుడిత్ లాంగ్ కనిపెట్టింది. చేపల జబ్బుకు వేసే తుత్తం మందు చుక్క పడినా పగడానికి విషమే. ఉప్పు, వేడి, సున్నం తప్పినా కష్టమే.

ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాను. వేడి వల్లనైతే తొట్టిలో అన్నిటికీ కొంతైనా తగలాలి. తక్కినవి బాగున్నాయి. పైగా వాడి లెక్కపుస్తకంలో నీళ్లు 26 డిగ్రీలు దాటలేదు. నేను ఆ పుస్తకం అడగకుండానే చల్లబరచమన్నాను! పురుగు కొరికితే అక్కడక్కడ గుండ్రని మచ్చలు, కొమ్మ మొదట్లో గుడ్లు కనిపించాలి. లేవు. పక్కది కుట్టితే ఒకవైపే పోవాలి. ఇది చుట్టూ సమానంగా పోతోంది. తుత్తం ఎప్పుడూ వాడలేదన్నాడు.

"ఈ నెలలో కొత్తగా ఏం చేశావు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి రెండు పనులు చెప్పాడు. పాత గొట్టం దీపాలు తీసేసి కొత్త ఎల్‌ఈడీ దీపం పెట్టాడు, మొదటి రోజునుంచీ పూర్తి వెలుగుతో. పళ్లెం పగడం దీపానికి అన్నిటికంటే దగ్గరది. దాని పైముఖమే తెల్లబడటానికి ఇంకో సాక్ష్యం అక్కరలేదు. రెండో పని, పగడాలు త్వరగా పెరుగుతాయని క్షారత పెంచే పొడి వేశాడు. ఆ క్షారతను కొలిచే కొలమానం పేరు జర్మన్ డిగ్రీ. సముద్రంలో అది 7, 8 మధ్య ఉంటుంది. వాడి తొట్టిలో 7.5 ఉన్నదాన్ని రెండు రోజుల్లో 11కు చేర్చాడు. వారం తిరగకముందే అక్రోపోరా మొదలునుంచి ఊడటం ఆరంభమైంది. ఇది దీపంలా రుజువైన కారణం కాదు. తక్కినవన్నీ కొట్టేశాక మిగిలిన అనుమానం. వైద్యంలో చాలాసార్లు అంతకు మించి దొరకదు.

జకార్తా, బెర్లిన్

వాడున్న ఊరే ఈ విద్యకు ఒక పుట్టిల్లని వాడికి తెలియదు. 1961లో జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఒక అమెరికన్ పత్రికలో తన పద్ధతి రాశాడు. రీఫ్‌నుంచి జీవులతో సహా తెచ్చిన రాళ్లు, ఎండ, కాసిని గాలిబుడగలు, అంతే. ఆ రాళ్లలోని సూక్ష్మజీవులే నీళ్లను శుభ్రం చేశాయి. ఆయనకు సముద్రం పక్కనే ఉంది, ఎండకు కొదవలేదు. మబ్బుపట్టిన ఐరోపాలో అది ఎలా సాధ్యమని ఆలోచించినవారిలో స్విట్జర్లాండ్‌కు చెందిన పీటర్ విల్కెన్స్, బెర్లిన్‌కు చెందిన డీట్రిక్ స్టూబర్ ముఖ్యులు. సజీవ శిలలు, నురుగు రూపంలో మలినం తీసే గొట్టం, ఎండకు బదులు మెటల్ హాలైడ్ దీపాలు, పగడం ఎముక కట్టుకోవడానికి రోజూ కొంచెం సున్నపు తేట. దీనికే బెర్లిన్ పద్ధతి అని పేరు వచ్చింది. మన ఇళ్లలో తమలపాకుకు రాసే సున్నంలోని తేటే అది. స్టూబర్ తొట్టిలో ఒక రాతి మీద తనంతట మొలిచిన అక్రోపోరాను ఆయన ముక్కలు చేసి స్నేహితులకు పంచాడు. వాళ్లు మరికొందరికి పంచారు. ఆ ఒక్క పగడపు ముక్కలు ఐరోపా అంతటా ఇళ్లలో పెరిగాయి.

ముక్కలు చేయడం అన్న మాట దగ్గర నాకు దారి దొరికింది. అక్రోపోరా మొదలు పోయింది, కొనలు బాగున్నాయి. గీతకు పైన, బతికిన కండలో రెండు వేళ్ల దూరం వదిలి కొనలను కత్తిరించి వేరే రాళ్లకు అతికించమన్నాను. నాలుగు ముక్కలు చేశాడు. క్షారతను ఏ మందూ వేసి దించవద్దన్నాను. పొడి ఆపితే పగడాలే వాడుకుని తగ్గిస్తాయి. దీపం వెలుగు మూడో వంతుకు తగ్గించి, వారానికి కొంచెం చొప్పున పెంచమన్నాను. వాడు అయోడిన్, యాంటీబయోటిక్, కొత్తనీళ్లు అన్నీ ఒకే రోజున సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. అన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, ఏది చంపిందో కూడా తెలియదు అని వారించాను.

ఆయుర్వేదంలో రోగం గుర్తించడాన్ని నిదానం అంటారు. మాధవ నిదానమనే గ్రంథం పేరు వినే ఉంటారు. వాడుకలో మనకు నిదానం అంటే తొందరపడకపోవడం. రెండు అర్థాలూ ఒక మాటలో ఎలా చేరాయో పండితులు చెప్పాలి. తొట్టి ముందు కూర్చున్నవాడికి మాత్రం రెండూ ఒకటే.

రెండున్నర నెలలకు పళ్లెం పగడానికి రంగు వచ్చింది. మొదట అంచుల్లో, తరువాత నడిమధ్య. అక్రోపోరా నాలుగు ముక్కల్లో మూడు నిలిచాయి. తల్లికొమ్మ పూర్తిగా పోయింది. నేను మొదటి నాలుగు రోజులు తప్పు చెప్పకపోతే మరో రెండు కొనలు దక్కేవని వాడు అనలేదు. నాకు తెలుసు.

మనవైపు సముద్రం

ఇది చదివి ఎవరైనా రామేశ్వరం వెళ్లి పగడపు ముక్క తెచ్చుకుంటామనుకుంటే చట్టం ఒప్పదు. 2001లో మన దేశం రాతిపగడాలన్నిటినీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉంది. ఒడ్డున దొరికినా తీయకూడదు. అది రావలసిన చట్టమే. రామేశ్వరానికీ తూత్తుకుడికీ నడుమ ఉన్న 21 దీవులను 1986లో సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించేనాటికే పడవల కొద్దీ పగడం సున్నపు బట్టీలకూ, కర్మాగారాలకూ పోయింది. మా చిన్నప్పుడు గోడలకు వేసిన సున్నంలో ఎంత పగడముందో మేము అడగలేదు. పగడం తవ్వగా పూవరసన్‌పట్టి, విలంగుచల్లి అనే రెండు దీవులు నీటి కింద కలిసిపోయాయి.

తవ్వకాన్ని చట్టం ఆపింది. తెల్లబడటాన్ని ఆపలేదు. మన్నార్ పగడాలు 1998లో, 2010లో, 2016లో పెద్దయెత్తున తెల్లబడ్డాయి. ప్రపంచమంతటా పగడాలు నాలుగోసారి తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అక్కడ నిదానం కష్టం కాదు. కారణం తెలిసిందే, వేడి. తొట్టిలోనైతే దీపం తగ్గించాం, పొడి ఆపాం, కొనలు కోసి అతికించాం. మన్నార్‌లో మే నెల నీటిని ఎవరు చల్లబరుస్తారు? అక్కడా పరిశోధకులు బతికిన ముక్కలను సిమెంటు దిమ్మలకు కట్టి నాటుతున్నారు. వేడికాలానికీ వేడికాలానికీ మధ్య దొరికే వ్యవధి పళ్లెం పగడానికి దొరికిన రెండున్నర నెలలకన్నా ఎక్కువే. రీఫ్‌కు అది చాలదు. దానికి ఏళ్లు కావాలి.

పోయిన నెల పాత కాలేజీకి ఏదో పనిమీద వెళ్లాను. బీరువాలో ఆ మూడు గడ్డలూ అలాగే ఉన్నాయి. ఇప్పుడు పాఠం చెప్పే అమ్మాయిని అడిగి, బెర్లిన్ పళ్లెం పగడం ఫోటోలు రెండు, తెల్లబడిననాటివీ రంగు వచ్చాకవీ, వాటి పక్కన అంటించి వచ్చాను. కింద ఏమి రాయాలో తోచక తేదీలు మాత్రం రాశాను.

మా మేనల్లుడికి తెలుగు మాట వచ్చుగాని అక్షరం రాదు. ఈ వ్యాసం అచ్చయ్యాక ఆదివారం ఫోనులో చదివి వినిపిస్తానన్నాను. నిదానంగా చదువు మామా అన్నాడు.